మావాడి పందెం కారుకి టైర్లు ఎలా కొన్నామంటే



పోయిన నెల నేను పెట్టిన ఫొటో చూసి చాలామంది ఫోన్లు చేశారు. ఒళ్లంతా మట్టి కొట్టుకున్న పాత స్విఫ్ట్ కారు, పక్కన హెల్మెట్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడు, వెనక సీటు మడిచి పేర్చిన నాలుగు టైర్లు. "ఏంటన్నా, ట్రాక్టర్లు వదిలేసి రేసుల్లో పడ్డావా?" అని ఒకరు, "ఆ టైర్లు ఎంత పడ్డాయి, ఏ సైజు?" అని ఇద్దరు ముగ్గురు. ఆ రెండో రకం వాళ్ల కోసమే ఈ పోస్టు. కొంచెం పెద్దదే. తీరిగ్గా చదవండి.

ఫొటోలో ఉన్నవాడు నా మేనల్లుడు. కోతల సీజన్లో హార్వెస్టర్ నడుపుతాడు. వాడు వెళ్లిన పోటీ పేరు ఆటోక్రాస్. ఇది టీవీలో చూపించే రేసు లాంటిది కాదు. పది కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోవడం ఉండదు. ఖాళీ మైదానంలో వంకర టింకరగా ఒక దారి గీస్తారు, మలుపుల దగ్గర ప్లాస్టిక్ కోన్లు పెడతారు. సాధారణంగా ఒక్కో కారు వెళ్లి తిరిగొస్తుంది, గడియారం టైము కడుతుంది. తక్కువ టైములో వచ్చినవాడు గెలిచినట్టు. కోను తగిలితే టైముకి సెకన్లు కలుపుతారు. అమెరికాలో దీన్ని పెద్ద పెద్ద పార్కింగ్ స్థలాల్లో, సిమెంటు, తారు మీద ఆడతారు, అక్కడ కోనుకి రెండు సెకన్లు శిక్ష. మన దేశంలో ఎక్కువగా మట్టి మీదే.

మన బండలాగుడు పోటీల్లో పాలపళ్ల జత, రెండు పళ్ల జత, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విడదీస్తారు కదా. ఇక్కడ కార్లని ఇంజను సీసీని బట్టి విడదీస్తారు. మావాడిది 1298 సీసీ పెట్రోలు బండి, 1400 లోపు వాళ్లలో కలిపారు. ఈ ముక్క చెప్పాకే మా బావ కాస్త మెత్తబడ్డాడు. వాళ్ల నాన్న ఒంగోలు జతని పందేలకి మేపిన మనిషి. ఇంట్లో పిల్లలకి లేకపోయినా ఎద్దులకి ఉలవలు ఉడికేవి. "మీ నాన్న ఒక సంక్రాంతికి ఎద్దుల మీద పెట్టిన ఖర్చు లెక్క తీస్తే వీడు నాలుగేళ్లు ఆడొచ్చు బావా" అన్నాను. నవ్వాడు. అయినా ఒప్పుకోలేదు.

ఒప్పుకోవాల్సి వచ్చింది వేరే కారణంతో. మన కుర్రాళ్లు రాత్రి పదకొండు దాటాక బాపట్ల రోడ్డు మీద ఏం చేస్తున్నారో మీలో కొందరికి తెలుసు. కాల్వ పక్కన, వడ్లు ఆరబోసిన రోడ్డు మీద, ఎదురుగా లైట్లు లేని ట్రాలీ వస్తుందో గేదె వస్తుందో తెలియని చోట కార్లతో పందేలు. మావాడు అందులో ఉన్నాడని మా చెల్లెలికి ఎవరో చెప్పారు. ఆ రాత్రి నుంచి దానికి నిద్ర లేదు. నన్ను పిలిచి "నువ్వు చెబితే వింటాడు అన్నయ్యా, మానిపించు" అంది. మానమంటే మానే వయసు కాదు వాడిది. అందుకని వాడితో బేరం పెట్టాను: రోడ్డు మీద పందెం పూర్తిగా బంద్. ఆడాలనుకుంటే అంబులెన్సు, హెల్మెట్, బండి చెకింగ్ ఉన్న చోటే ఆడు. టైర్లు మాత్రం నేను చూసి ఒప్పుకున్నవే వెయ్యాలి. వాడు ఒప్పుకున్నాడు. "టైర్లు నువ్వెందుకు మావయ్యా?" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ట్రాక్టరు టైర్లు కొంటున్న మనిషిని నేను. దుకాణాల వాళ్ల మాటలు నాకు తెలుసు, వాడికి తెలియదు.

డబ్బు సంగతి. వాడి దగ్గర హార్వెస్టర్ మీద దాచుకున్న పాతిక వేలు ఉన్నాయి. ఇంట్లోంచి రూపాయి రాదు. పెదనందిపాడు వైపు మేం వేసిన మిరప ఏ ధరకి పోయిందో మీకు చెప్పక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకి 11,781 అని జోక్యం ధర ప్రకటించిందంటేనే మార్కెట్ ఎంత కిందకి పోయిందో అర్థం చేసుకోండి. అలాంటి ఏడాదిలో పందెం కారుకి టైర్లంటే ఊళ్లో నవ్వుతారు. కాబట్టి పాతిక వేలు దాటకూడదు. హెల్మెటు ఒక స్నేహితుడిది, ఎంట్రీ ఫీజు, డీజిలు, పెట్రోలు లాంటివి వాడి జీతంలోంచి.

కుర్రాడు మొదట చూపించింది యూట్యూబులో చూసిన బొమ్మ: 195/55 ఆర్ 15 టైర్లు, మెరిసే అల్లాయ్ చక్రాలు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. నేను ఒక్కటే అడిగాను, "పోటీ ఏ నేల మీద?" అని. "మట్టి" అన్నాడు. "గట్టి మట్టా, దుబ్బా?" ఫోన్ చేసి కనుక్కున్నాడు. కింద గట్టి ఎర్రనేల, పైన వేలు మందం దుమ్ము, అక్కడక్కడ కంకర రాళ్లు.

మనకి ఇది కొత్త కాదు. ట్రాక్టరు ముందు టైరు 6.00-16 ఎందుకు సన్నగా, దాని మీద నిలువు గీతలు ఎందుకు ఉంటాయి? తడి పొలంలో బురదని కోసుకుని కింద గట్టి నేలని పట్టుకోవాలి, స్టీరింగు తిప్పితే తిరగాలి. వెడల్పాటి నున్నటి టైరు ముందు వేస్తే బురద మీద పడవలా తేలుతుంది. కారుకీ అదే లెక్క. తారు మీద, సిమెంటు మీద అయితే వెడల్పు టైరు, తక్కువ గాడులు, మెత్తటి రబ్బరు గెలుస్తాయి. పైన దుమ్ము, కింద గట్టి నేల అయితే కాస్త సన్నటి టైరు, విడివిడి బటన్లు ఉన్నది ఆ దుమ్ముని తోసేసి కిందకి దిగుతుంది. వెడల్పు టైరు దుమ్ము మీదే జారుతుంది. కాబట్టి "రేసుకి ఏ టైరు మంచిది?" అన్న ప్రశ్నకి నేల తెలియకుండా జవాబు లేదు. దమ్ముకి కేజ్‌వీల్స్ వేస్తాం, వాటితోనే తారు రోడ్డెక్కితే రోడ్డూ పోతుంది, బండీ పోతుంది.

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పాలి, మన వాళ్లకి నచ్చుతుంది. ఒకప్పుడు అమెరికాలో కూడా ట్రాక్టర్లకి ఇనుప చక్రాలే. వాటికి ఇనుప పళ్లు. రబ్బరు టైరు పొలంలో జారుతుంది, ముల్లు గుచ్చుకుంటుంది, పనికిరాదు అని రైతులు నమ్మలేదు. అల్లిస్ చాల్మర్స్ అనే ట్రాక్టర్ల కంపెనీ 1932లో గాలి టైర్లతో ట్రాక్టరు తెచ్చింది. అది అమ్మడానికి ఏం చేశారనుకున్నారు? కార్ల రేసుల్లో అప్పటికే పేరున్న బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అనే డ్రైవర్ని పెట్టి తిరునాళ్ల లాంటి చోట్ల ట్రాక్టర్లతో పందేలు వేయించారు. 1933లో ఆయన ట్రాక్టరుని గంటకి 64 మైళ్లు, అంటే నూరు కిలోమీటర్లు దాటించి నడిపాడు. జనం ఎగబడి చూశారు. కొన్నేళ్లలో ఇనుప చక్రాలు మూలపడ్డాయి. ఇవాళ మన చేలో ఉన్న గాలి టైరు అలా పందెం చూపించి అమ్ముడుపోయిన సరుకు. మన దగ్గర కూడా ఇనుప కట్టు వేసిన చెక్క చక్రాలు పోయి టైరు బండి వచ్చినప్పుడు పెద్దవాళ్లు "ఎద్దులు సుఖపడ్డాయిరా" అనుకోవడం మా నాన్న చెబుతుండేవాడు.

సరే, అసలు సంగతికి వద్దాం. టైరు పక్కన రాసిన అంకెలు చదవడం ప్రతి రైతుకీ వచ్చి తీరాలి. పందెం ఆడినా ఆడకపోయినా.

మన ట్రాక్టరు వెనక టైరు మీద 13.6-28 అని ఉంటే, వెడల్పు 13.6 అంగుళాలు, రిమ్ము 28 అంగుళాలు. అంత తేలిక. కారు టైరు మీద 165/80 ఆర్ 14 అని ఉంటే, వెడల్పు 165 మిల్లీమీటర్లు. 80 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 80 వంతులు, అంటే 132 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, 14 అంటే రిమ్ము అంగుళాలు. మావాడి కారుకి కంపెనీ ఇచ్చిన సైజు ఇదే. దాని పక్కన 85 టి అని ఉంది. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది, టి అంటే గంటకి 190 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. ఈ అంకె తగ్గించి చవకగా వస్తుందని కొనకండి, కారుకీ వద్దు, ట్రాలీకి అసలే వద్దు.

ఇప్పుడు వాడు అడిగిన 195/55 ఆర్ 15 లెక్క కట్టి చూపించాను. దాని పక్క గోడ 107 మిల్లీమీటర్లు. పాతిక మిల్లీమీటర్లు తక్కువ. కంకర రాయి తగిలితే దెబ్బ రబ్బరు తినాలి, ఇక్కడ రిమ్ము తింటుంది. మొత్తం చక్రం ఎత్తు కూడా కంపెనీది 620 మిల్లీమీటర్లు అయితే ఇది 595. కారు పన్నెండు మిల్లీమీటర్లు కిందకి దిగుతుంది, మట్టిలో కడుపు నేలకి తగులుతుంది, స్పీడు ముల్లు తప్పు చూపిస్తుంది. పైగా ఆ అల్లాయ్ చక్రాల సెట్టుకే వాడి పాతిక వేలు అయిపోతాయి, టైర్లు అప్పు మీద కొనాలి. కాగితం మీద వేసి చూపించాక వాడే ఆ బొమ్మ తీసేశాడు.

పెద్ద మోడలు స్విఫ్ట్‌కి ఆ రోజుల్లో కంపెనీయే 185/70 ఆర్ 14 ఇచ్చింది. ఎత్తు దాదాపు సమానం, 615 దాకా వస్తుంది, అవే రిమ్ములకి సరిపోతుంది. తారు మీద పోటీ అయి ఉంటే నేను దానికే ఓటు వేసేవాణ్ని. మట్టి కాబట్టి 165 దగ్గరే ఆగాం.

ఇక సైజు కంటే ముఖ్యమైన అంకె ఒకటి ఉంది. టైరు గోడ మీద డాట్ అని మొదలయ్యే వరసలో చివర, ఒక కోడిగుడ్డు ఆకారం గీతలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మేం గుంటూరులో ఒక దుకాణానికి వెళ్లాం, పేరు అనవసరం. "మీకోసం టైరుకి నాలుగు వందలు తగ్గిస్తా సార్, కొత్త స్టాకు" అన్నాడు. నిజంగానే టైరు మీద వెంట్రుకలు కూడా ఊడలేదు, మెరుస్తోంది. వంగి చూస్తే అంకె 0821. నాలుగేళ్ల సరుకు. గోడౌన్లో పై అంతస్తులో, రేకుల కింద నాలుగు వేసవులు గడిపిన రబ్బరు అది. అడిగితే "వాడనిదే కదా సార్" అంటాడు. వాడకపోయినా రబ్బరు ముదురుతుంది. బెండకాయ కొయ్యకుండా చెట్టుకే వదిలేస్తే లేతగా ఉంటుందా? రోడ్డు మీద నెమ్మదిగా తిరిగే వాడికి ఆ తేడా తెలియదు, మలుపులో కారుని పక్కకి విసిరేసే వాడికి మొదటి మలుపులోనే తెలుస్తుంది. లేచి వచ్చేశాం. రెండో దుకాణంలో ఆరు నెలల లోపు తేదీ ఉన్న నాలుగు టైర్లు, నాలుగూ దగ్గర దగ్గర వారాలవి, వెతికి తీయించాను. అతను విసుక్కున్నాడు. విసుక్కోనివ్వండి, డబ్బు మనది.

రబ్బరు మెత్తదనానికి కూడా ఒక అంకె ఉంది. ట్రెడ్‌వేర్ అని కొన్ని టైర్ల మీద రాస్తారు, కొన్నిటి మీద ఉండదు. నూరు అనేది కొలమానం. అంకె పెరిగే కొద్దీ ఎక్కువ కాలం మన్నుతుంది, తగ్గే కొద్దీ మెత్తగా ఉండి ఎక్కువ పట్టు ఇచ్చి తొందరగా అరుగుతుంది. అమెరికాలో మామూలు రోడ్డు కార్ల తరగతుల్లో ఆడాలంటే ఈ అంకె 200కి తగ్గకూడదని రూలు పెట్టారు, లేకపోతే డబ్బున్న వాడు ఒక్క రోజులో అరిగిపోయే రబ్బరు వేసుకొచ్చి గెలిచేస్తాడని. మంచి రూలు. బండలాగుడులో కూడా ఇలాంటి కట్టుబాట్లు లేకపోతే చిన్న రైతు జత దించలేడు. మట్టి మీద మాత్రం ఈ అంకె వెంట మరీ పడక్కర్లేదు, అక్కడ బటన్ ఆకారం, గాలి ఎక్కువ పని చేస్తాయి.

మధ్యలో మాకు వచ్చిన సలహాలు అన్నీ ఇన్నీ కావు. ఒకడు "రేసుల్లో వాడేసిన స్లిక్కులు మద్రాసు నుంచి తెప్పిస్తా, సగం ధర" అన్నాడు. స్లిక్కు అంటే గాడులు లేని నున్నటి టైరు, అది ఎండిన తారు మీద వేడెక్కితేనే పట్టుకుంటుంది. ఒక నిమిషంన్నర పరుగులో వేడెక్కేది ఎప్పుడు, అదీ మట్టి మీద? పైగా దాంతో రోడ్డెక్కితే చట్టానికీ వ్యతిరేకం. మన దగ్గర కార్ల టైర్లకి గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాడి లోపల చిన్న దిమ్మెలు ఉంటాయి చూడండి, బటన్ అరిగి ఆ దిమ్మెకి సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టు.

ఇంకొకరు రీబటన్ టైర్లు వెయ్యమన్నారు. నేను ట్రాలీకి రీబటన్ వాడతాను, దాచేదేం లేదు. కేసింగు మంచిదైతే, చేసేవాడు పనివాడైతే, ధాన్యం వేసుకుని నిదానంగా మిల్లుకి పోయి రావడానికి బాగానే పనికొస్తుంది. మలుపులో కారు బరువంతా రెండు టైర్ల అంచు మీద పడి పక్కకి గుంజేటప్పుడు ఆ అతికించిన పట్టీ మీద నా మేనల్లుడి ప్రాణం పెట్టలేను. ఇందులో వాదన లేదు.

నైట్రోజన్ గాలి పట్టించమని దుకాణం కుర్రాడు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. ఆ డబ్బుతో మంచి గాలి మీటరు కొనుక్కోండి, దాని కథ కింద చెబుతాను.

కొన్నది ఇది. మన దేశపు కంపెనీవే, 165/80 ఆర్ 14, కాస్త లోతు గాడులు, విడి దిమ్మెల బటన్ ఉన్న మామూలు రోడ్డు టైర్లు. నాలుగూ కలిపి 17,600. మన కంపెనీలంటే చులకన వద్దు. ఎమ్మారెఫ్ 1946లో మద్రాసు తిరువొత్తియూరులో పిల్లల బెలూన్లు చేస్తూ మొదలైంది. మన గౌరవ్ గిల్ ఆ టైర్ల మీద ఆసియా పసిఫిక్ ర్యాలీ గెలిచాడు. 2022లో ఎఫ్రెన్ యారెనా అనే స్పెయిన్ కుర్రాడు ఆ టైర్ల మీదే యూరప్ ర్యాలీ ఛాంపియన్ అయ్యాడు. ఆ ర్యాలీ టైర్లు వేరు, మేం కొన్నవి వేరు, అది కూడా చెప్పాలి. పేరు చూసి కొనడం కాదు, అక్కడ గెలిచింది అని దుకాణంలో అదే పేరుతో ఉన్న ప్రతి టైరూ పందెపు టైరు అయిపోదు.

అసలు పొదుపు ఎక్కడ చేశామంటే, రిమ్ముల దగ్గర. ఆటోనగర్‌లో పాత స్టీలు రిమ్ములు నాలుగు 3,200కి దొరికాయి. ఒక్కోదాన్నీ తిప్పి చూసి, వంకర లేనివి ఏరాం. కొత్త టైర్లు వాటికి ఎక్కించి, బ్యాలెన్సింగ్‌తో కలిపి 800. మొత్తం 21,600. మిరప లెక్కలో ఆ 11,781 ధరకి రెండు క్వింటాళ్ల కంటే తక్కువ. ఇప్పుడు కారుకి రెండు జతల చక్రాలు. పాత టైర్లు వేసుకుని రోడ్డు మీద పోటీ దాకా వెళ్లడం, అక్కడ జాకీ వేసి మార్చుకోవడం, అయ్యాక మళ్లీ పాతవి వేసుకుని ఇంటికి రావడం. అరగంట పని. ఒకే సెట్టుతో బెంగళూరు వైపు పోయి రావాలంటే పదమూడు వందల కిలోమీటర్ల రోడ్డుకే సగం పదును పోతుంది. అంతకంటే పెద్ద విషయం, పోటీలో గోడ కోసుకున్న టైరుతో రాత్రి హైవే మీద ఇంటికి రావాల్సిన అవసరం ఉండదు. మా చెల్లెలికి ఈ ఒక్క మాట చెబితే సగం భయం తగ్గింది.

ఇక గాలి. మన ట్రాక్టరు వెనక టైరుకి పొలంలో 12 పౌండ్లు పెట్టుకుంటాం, లోడు వేసుకుని రోడ్డెక్కితే పెంచుతాం. తక్కువ గాలి ఉంటే టైరు నేల మీద పరుచుకుని పట్టు పెరుగుతుంది. అతి తగ్గిస్తే గోడ నలుగుతుంది, రిమ్ము నుంచి జారుతుంది. కారు డోరు దగ్గర కంపెనీ స్టిక్కరు ఉంటుంది, మొదలుపెట్టాల్సింది అక్కడే. మేం మొదటి పరుగుకి 30 పెట్టాం. ముందు టైర్ల అంచు మీద సుద్దముక్కతో గీతలు గీశాను, బటన్ దగ్గర నుంచి గోడ దాకా. పరుగు అయ్యాక సుద్ద ఎంతవరకు చెరిగిందో చూస్తే టైరు ఎంత పక్కకి ఒరిగిందో తెలుస్తుంది. గోడ మీదకి బాగా చెరిగితే గాలి తక్కువ, బటన్ అంచు దగ్గర కూడా చెరగకపోతే గాలి ఎక్కువ. రూపాయి సుద్దముక్క. అక్కడ ఉన్న పెద్ద పెద్ద టీముల కుర్రాళ్లు కూడా వచ్చి చూశారు.

మొదటి పరుగు 1 నిమిషం 31 సెకన్లు. సుద్ద అంచు మీద కూడా చెరగలేదు. వాడు దిగి "స్టీరింగు తిప్పుతున్నా ముక్కు నేరుగానే పోతోంది మావయ్యా" అన్నాడు. ముందు టైర్లలో 26కి దించాం, వెనక 30 అలాగే ఉంచాం. ఈ కారుకి లాగేదీ, తిరిగేదీ, బ్రేకు భారం ఎక్కువ మోసేదీ ముందు చక్రాలే. మన ట్రాక్టరుకి పూర్తి తిరకాసు. రెండో పరుగు 1 నిమిషం 28, ఒక కోను తగిలింది, శిక్షతో మొదటిదానికి దగ్గరగా వచ్చి కూర్చుంది. మూడోది ఏ కోనూ తగలకుండా 1 నిమిషం 27 పైచిలుకు. పైసా ఖర్చు లేకుండా, గాలి తీసి, నాలుగు సెకన్లు. అందుకే గాలి మీటరు మీద డబ్బు పెట్టమన్నాను. పెట్రోలు బంకులో మీటరు నమ్ముకుని ఈ పని కుదరదు.

ఇంకో మాట. కుర్రాడు బయలుదేరేటప్పుడు చక్రాలు గిర్రున తిప్పి దుమ్ము లేపడం ఇష్టపడతాడు, జనం ఈలలు వేస్తారు. ఆ టైములో బండి ముందుకి పోదు. దుక్కిలో ట్రాక్టరు చక్రం నూటికి పది పదిహేను వంతులు జారితే పని బాగా జరుగుతుంది, ముప్పై జారితే డీజిలు, టైరు, టైము మూడూ నేలపాలు. కొంచెం జారడం పట్టులో భాగం, గిర్రున తిరగడం పట్టు పోయాక. ఇది వాడికి హార్వెస్టర్ మీద తడి చేలో బాగా తెలుసు. కారెక్కితే మర్చిపోతాడు. మూడో పరుగులో గుర్తు పెట్టుకున్నాడు.

వాళ్ల తరగతిలో పంతొమ్మిది మంది ఆడితే మావాడు పదకొండు. పైన ఉన్నవాళ్లలో కొందరు అసలు ర్యాలీ టైర్లు వేశారు, వాళ్లతో పోలిక లేదు. అయితే ఖరీదైన వెడల్పు టైర్లు, అల్లాయ్‌లు వేసుకొచ్చిన ఇద్దరు మావాడి కింద ఉన్నారు. ఒకరి రిమ్ము కంకర రాయికి వంగి, రెండో పరుగు ఆడకుండానే లారీ ఎక్కించుకుపోయారు. నేనేమీ సంబరపడలేదు, కాస్త పడ్డాను.

ఆ టైర్లు ఇప్పుడు మా కొట్టంలో చెక్క పలకల మీద పడుకోబెట్టి, గోనె కప్పి ఉన్నాయి. ఎండ తగలకూడదు, డీజిలు, గ్రీజు తగలకూడదు, కరెంటు మోటారు పక్కన పెట్టకూడదు. మోటారు దగ్గర పుట్టే ఓజోను రబ్బరుని పగలగొడుతుంది. మీ ట్రాక్టరు స్టెప్నీలు బోరు షెడ్లో మోటారు పక్కనే ఉంటాయి, ఇవాళే తీసి అవతల పెట్టండి. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చాం, అరుగుడు చూస్తే మట్టి మీద ఇంకో మూడు పోటీలు వస్తాయని నా అంచనా.

వాడు బాపట్ల రోడ్డు మీద పందెం ఆడటం లేదు. నాకు తెలిసినంతవరకు కాదు, వాడి స్నేహితుల్ని విడివిడిగా అడిగి తెలుసుకున్నాను. వాళ్లలో ఇద్దరు ఈసారి మాతో వస్తామంటున్నారు. ఒకడిది ఆల్టో, 145/80 ఆర్ 12. మీలో ఎవరి దగ్గరైనా వంకర లేని పన్నెండు అంగుళాల ఆల్టో రిమ్ములు కొట్టంలో పడి ఉంటే కింద రాయండి, వచ్చి చూసి తీసుకుంటాం. తేదీ అంకె చూడకుండా టైర్లు మాత్రం చెప్పకండి.